సిందూరం కింద దౌల్‌నాక్

నిమ్‌దరి ఊళ్ళో కోండిబా రణపిసే సాధించినవన్నీ చెప్పాలంటే ఒక పూట చాలదు. బడి వరండాలో, వాన జల్లు కొట్టే వైపు కూర్చుని నాలుగో తరగతి ఫస్టున పాసయ్యాడు. లోపల చాప మీద కూర్చున్న, ఊరి పెద్దలైన పాటిళ్ళ పిల్లాడు తప్పాడు. యాభై ఆరులో, పదేళ్ళ వయసులో, తండ్రి వేలు పట్టుకుని నాగపూర్ వెళ్ళి బౌద్ధం పుచ్చుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ప్రభుత్వ రోడ్డు రోలరు నడిపాడు. ఆ తాలూకాలో ఆయన చదును చెయ్యని రోడ్డు లేదు. అన్నేళ్ళలో నలిగింది ఒక్క సైకిలు, అదీ సైకిలుదే తప్పు. ఏటా జనవరి ఒకటిన కోరేగావ్ యుద్ధ స్తంభం దాకా కాలినడకన వెళ్ళిరావడం యాభై మూడేళ్ళుగా తప్పలేదు. పెద్దకొడుకు పెళ్ళి ఆ రోజుకే కుదిరితే పెళ్ళినే మర్నాటికి తోయించాడు.

ఇంత సాధించినవాడికి సాధ్యం కానిది ఒక్కటే. రేవు గట్టున ఊరంతా కొలిచే మ్హసోబా దేవుడు దేవుడే కాదనీ, తన ముత్తాతకు తాత అయిన దౌల్‌నాక్ సమాధిరాయి అనీ ఒక్కరినీ నమ్మించలేకపోయాడు.

ఆ మాట ఆయనకు తాత చెప్పింది. పద్దెనిమిది వందల పద్దెనిమిదిలో కోరేగావ్ దగ్గర పేష్వా సైన్యానికీ తెల్లవాళ్ళ కుంపిణీ పటాలానికీ లడాయి జరిగింది. కుంపిణీ పటాలంలో చాలామంది కోండిబా కులంవాళ్ళే, ఊరు అంటరానివాళ్ళుగా చూసే మహార్లు. దౌల్‌నాక్ అక్కడ గాయపడి, ఇల్లు చేరబోతూ రేవులోనే పడిపోయాడట. పేరు చెక్కి రాయి పాతారు. పాతినవాళ్ళు పోయారు, చదవగలిగినవాళ్ళు పోయారు, ఎవరో పుణ్యాత్ముడు ఇంత సిందూరం పూశాడు. నూనెలో కలిపిన సిందూరం ఏటా ఒక పూత చొప్పున పడి, చివరికి రాయి ఇంత లావున ఎర్రగా ఉబ్బింది. పాటిళ్ళ కథ వేరు. ఆ లడాయిలో మ్హసోబాయే కత్తి పట్టి తెల్లవాళ్ళను రేవు దాటనివ్వలేదట. లడాయి చేశాడన్నంతవరకు రెండు కథలూ ఒకటే, ఎటువైపు అన్నదగ్గరే పేచీ. ఆ రాయికి ఇరవై అడుగుల లోపలికి దౌల్‌నాక్ వంశం వాళ్ళు రాకూడదన్నది మాత్రం ఊరి కట్టుబాటు.

ఆ పేరు ఊరంతా చదవాలి, తను పోయేలోగా చదవాలి. కోండిబాకు మిగిలిన కోరిక అదే.

భార్య ధురపదాబాయి ఆయన్ను ఊరికే వదిలేది కాదు. "ముప్పై మూడు కోట్ల దేవుళ్ళని గుమ్మం బయటికి గెంటినోడివి, మళ్ళీ ఒకణ్ణి చుట్టం చేసుకుంటానంటావేంటి?" అనేది.

"దేవుణ్ణి కాదే, దేవుడి కిందున్న మనిషిని," అనేవాడు.

ఆ ఏడు శ్రావణంలో ఎనిమిది రోజులు వదలకుండా వాన పడింది. తొమ్మిదో పొద్దున పూజారి విఠ్ఠల్ గురవ్ పూజకు వెళ్ళి చూస్తే, సిందూరం మొత్తం ఒకే పెచ్చుగా ఊడి దేవుడి కాళ్ళ దగ్గర పడుంది. దేవుడు సన్నగా, నల్లగా, చలికి వణికే ముసలాడిలా నిలబడి ఉన్నాడు. గుండె మీద మూడు వరసల అక్షరాలు.

సిపాయి దౌల్‌నాక్. మహార్. కోరేగావ్ లడాయి.

విఠ్ఠల్ మూడుసార్లు చదివి, నాలుగోసారి చదవకుండా పరుగెత్తాడు. గంటలో ఊరు రేవులో ఉంది. కోండిబా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, కట్టుబాటు ప్రకారం ఇరవై అడుగుల దూరంలో ఆగి, అక్కడి నుంచే పెద్ద గొంతుతో చదివాడు. ఆయన చూపు అప్పటికీ అంత బాగుండేది.

ఉత్తమ్‌రావ్ పాటిల్ చెమట తుడుచుకున్నాడు. నాన్న కాలం నుంచీ 'కొండ్యా' అని పిలిచే నోరు ఆ పూట తడబడింది. "కోండిబా తాత్యా, దగ్గరికి రా, అంత దూరం ఎందుకు?"

"మీ నాన్న కొలిచి పెట్టిందే బాబూ ఈ దూరం."

"పాతకాలం మాటలు ఇప్పుడెందుకులే. చూడు, మహార్ అయితే అయ్యాడు. లడాయి చేశాడు కదా. పేష్వా తరఫున చేశాడు. అలాగని బోర్డు రాయించేద్దాం."

"పేష్వా తరఫునా?" అన్నాడు కోండిబా. "మా వాళ్ళు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో ముంత కట్టుకుని, అడుగుజాడ మిగలకుండా నడుముకి చీపురు కట్టుకుని తిరగాల్సిన రోజులవి. మెడలో ముంత ఊగుతుంటే తుపాకీ గురి ఎలా కుదిరింది పాటిల్? కాల్చి వెనక్కి వస్తూ ఊడ్చుకుంటూ వచ్చాడా?"

వెనక ఎవరో నవ్వి, దగ్గుగా మార్చాడు.

పాటిల్‌కు ఇంకో చిక్కుంది. ఆయన పుట్టిందే ఈ దేవుడి మొక్కుతో. ఊళ్ళో సగం మంది మగపిల్లలు ఈ దేవుడిచ్చినవాళ్ళే. ఇచ్చినవాడు మహార్ అంటే తీసుకున్నవాళ్ళ సంగతేమిటని ఎవరూ పైకి అడగలేదు గాని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దేవుణ్ణే అడుగుదాం," అన్నాడు విఠ్ఠల్. "కౌల్ పెడదాం."

అందరికీ ఊపిరి వచ్చింది. తడిపిన రెండు జొన్న గింజలు దేవుడి గుండె మీద అంటిస్తారు. కుడిది ముందు రాలితే అవును, ఎడమది రాలితే కాదు. కోర్టులో తేలని సరిహద్దులు నిమ్‌దరిలో అలాగే తేలాయి. విఠ్ఠల్ గింజలు తడిపి, "నువ్వు దౌల్‌నాక్‌వేనా?" అని అడిగి అంటించాడు. చెయ్యి తీసేలోగా రెండూ జారి కింద పడ్డాయి. మళ్ళీ అంటించాడు. మళ్ళీ రెండూ పడ్డాయి.

"అవునూ కాదూ అంటున్నాడు," అన్నాడొకడు.

"ఏమీ అనట్లేదు," విఠ్ఠల్ నుదురు కొట్టుకున్నాడు. "వట్టి రాయి మీద గింజ నిలవదు. సిందూరం ఉంటేనే కౌల్. ముందు పూత వెయ్యాలి."

అంటే, నువ్వు దౌల్‌నాక్‌వేనా అని అడగాలంటే దౌల్‌నాక్ అన్న పేరు కప్పేయాలి. ఇందులో ఏదో తేడా ఉందని కోండిబాకు తప్ప ఎవరికీ తోచలేదు.

"పేరు గుండెల మీద రాసుకుని నిలబడ్డాడు, ఇంకా పేరడుగుతారేంట్రా?" అన్నాడు.

"పద్ధతి పద్ధతే తాత్యా. కుడిది రాలితే నువ్వన్నట్టే."

"ఎడమది రాలితే?"

పాటిల్ నది వైపు చూశాడు. విఠ్ఠల్ గిన్నెలో సిందూరం కలపడం మొదలుపెట్టాడు. కోండిబా కాసేపు ఆ గిన్నెనే చూశాడు. తర్వాత ఇరవై అడుగులూ గబగబా నడిచి, రాయికి వీపు ఆనించి, కాళ్ళు బారజాపి కూర్చున్నాడు.

పూత వెయ్యాలంటే ఆయన్ను లేపాలి. లేపాలంటే ముట్టుకోవాలి. మేమిప్పుడు అంటు పాటించడం లేదని పాటిల్ మొన్ననే గ్రామసభలో ఉపన్యాసమిచ్చాడు. అయినా చెయ్యి ఒక్కటీ ముందుకు రాలేదు. డెబ్బై రెండేళ్ళలో అంటరానితనం కోండిబాకు ఉపయోగపడిన రోజు అదొక్కటే.

మధ్యాహ్నం దాటేదాకా అలాగే కూర్చున్నాడు. ధురపదాబాయి వచ్చి, జొన్న రొట్టె, పచ్చి మిరప కారం ఒళ్ళో పెట్టి, "వీపు జాగ్రత్త, అసలే నడుం నొప్పి," అని వెళ్ళింది.

అప్పుడొచ్చింది పాటిల్ తల్లి యమునాబాయి, కుడిచేతిలో నైవేద్యం పళ్ళెంతో. ఎనభై దాటిన మనిషి. వచ్చిందే అమావాస్య మొక్కుకి.

"జరుగు కోండిబా."

"జరగను బాయీ. జరిగితే పూసేస్తారు."

"నీ వెనకేం రాసుంది?"

వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. ఆమె కొంచెంసేపు నమిలి చూసుకున్నట్టు నోరు కదిపింది. "మ్హసోబా అని పిలిస్తే పలికి కొడుకునిచ్చినోడు, దౌల్‌నాక్ అని పిలిస్తే వెనక్కి తీసుకుంటాడా?" అని కొడుకు వైపు తిరిగింది. "తీసుకుంటే తీసుకోనీలే. పేరు కప్పమాక."

"అమ్మా, సిందూరం లేని దేవుడెక్కడుంటాడు?"

"అక్షరాల్లో వెయ్యండ్రా. సిందూరమూ ఉంటది, పేరూ ఉంటది."

కోండిబా లేవకుండానే అడ్డు చెప్పాడు. "ఆయన దేవుడు కాదు బాయీ. సిపాయి. దణ్ణం పెడితే నేనొప్పుకోను."

"మరి సిపాయికేం పెడతారు?"

"సెల్యూట్."

కుడిచేతిలో పళ్ళెం ఉంది గనక ఆమె ఎడంచెయ్యి ఎత్తి నుదుటికి ఆనించింది. ముసలమ్మ పెట్టాక మిగతావాళ్ళు తప్పించుకునే దారి లేక, ఒకరి వెనక ఒకరు, పెళ్ళిలో అక్షతలు వేసినంత మొహమాటంగా చేతులెత్తారు. కోండిబా అప్పుడు పక్కకు జరిగాడు.

విఠ్ఠల్ వేలితో సిందూరం అద్ది మొదటి వరస దిద్దాడు. మధ్య వరస వదిలేసి మూడోదానికి వెళ్ళాడు. కోరేగావ్ లడాయి అన్న మాటలు నిగనిగలాడాయి. గిన్నె కిందపెట్టి, "సిందూరం అయిపోయింది తాత్యా. ఆ ఒక్క మాటా ఇంకెప్పుడైనా," అన్నాడు.

గిన్నెలో ఇంకా సగం ఉంది.

కోండిబా గిన్నె ముందుకు లాక్కున్నాడు. పాటిల్ ఒక అడుగు ముందుకేసి, తల్లి చూపు చూసి వెనక్కి తగ్గాడు. మహార్ అన్న మాటను కోండిబా నిదానంగా, రోలరు నడిపినట్టు ముందుకూ వెనక్కూ వేలు తిప్పుతూ, మిగతా రెండు వరసల కన్నా దట్టంగా దిద్దాడు. సిందూరం మోచేతి దాకా కారింది.

ఇంటికి వస్తే ధురపదాబాయి ఆ చెయ్యి చూసింది. "పూజ చేసొచ్చావా?"

"రంగేసొచ్చాను," అన్నాడు. "నీళ్ళు పొయ్యి. కాదు, ఉండు. రేపు కడుక్కుంటా."