చచ్చిన బ్యాటరీ లేచిన రోజు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె బ్యాటరీ వదినే. రెండు చేతులూ చాపితే అటూ ఇటూ గోడలు తగిలేంత కొట్టు. వడ్రంగులూ ఏసీ మెకానిక్కులూ తీగ లేని డ్రిల్లుల బ్యాటరీ ప్యాకులు తెచ్చి ఆమె ముందు పడేస్తారు. ఆమె వాటిని విప్పి, లోపల వరసగా ఉన్న సెల్లుల్లో చచ్చినవాటిని తీసేసి, కొత్తవి అతికించి ఇస్తుంది. అతికించే వెల్డింగు పెట్టె కూడా పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో తనే కట్టుకుంది. ఎవరూ నేర్పలేదు. విప్పి, చూసి, చేతులు కాల్చుకుని నేర్చుకుంది.

బేరానికొచ్చినవాళ్లు ఏ రకం మంచిదని అడిగితే ఆమె చుట్టరికాలు కలిపి చెప్పేది.

"కాడ్మియం రకం పోయిన మా మామగారిలాంటిది. బరువు, మొండి. ఎండైనా చలైనా పని ఆపదు. కాకపోతే రోజూ సగం వాడి సగం నింపితే ఆ సగానికే అలవాటు పడి కూర్చుంటుంది. లోపలంతా విషం, చెత్తలో పారేయకండి. నికెల్ హైడ్రైడ్ దాని తమ్ముడు. తిండి ఎక్కువ పడుతుంది గానీ, ఊరికే కూర్చోబెడితే తిన్నదంతా తనే కరిగించేసుకుంటుంది. ఇక లిథియం. తేలిక, చురుకు, గంటలో నిండుతుంది, నెల తర్వాత తీసినా నిండుగానే ఉంటుంది. మాట మాత్రం పడదు. ఎక్కువ నింపితే మండుతుంది. పూర్తిగా ఎండబెడితే అలుగుతుంది, ఆ అలక తీరేది కాదు. అందులోనే ఇనుము కలిసిన రకం ఒకటుంది. కాస్త బరువైనా నిదానస్తురాలు. తొందర లేనివాళ్లు అది తీసుకోండి."

నవ్వుతూనే చెప్పేది గానీ, లిథియమంటే ఆమెకు లోపల హడలు. ఒకసారి స్క్రూడ్రైవరు జారి ఒక్క సెల్లుకు గుచ్చుకుంది. వేలెడంత సెల్లు బుస్సుమని లేచి బల్ల అంచును బొగ్గు చేసింది. ఆ తర్వాత లిథియం ప్యాకు విప్పేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆ రోజు అన్నానికి లేవబోతుంటే ఫోను మోగింది. మరిది. వడ్రంగి పని అతనిది. ఇంట్లో ఉండేది నలుగురు: ఆమె, లారీ మీద ఊళ్లు తిరిగే భర్త, ఈ మరిది, తుంటి విరిగి మంచాన పడ్డ అత్తగారు.

"వదినా, నన్ను మెచ్చుకో. చచ్చిన ప్యాకును లేపేశా!"

"ఏ ప్యాకు?"

"పచ్చ డ్రిల్లుది. ఏడాదిగా అటక మీద పడుందిగా. చార్జరు పెడితే ఎర్రలైటు కొట్టుకుంటోంది, తీసుకోనంటోంది. నువ్వు చూపించిన మంత్రమే వేశా. బాగున్న ప్యాకు నుంచి రెండు తీగలు లాగి చురుక్కుమని అంటించా. చచ్చినట్టు లేచింది. ఇప్పుడు బుద్ధిగా తాగుతోంది."

ఆ మంత్రం తను చూపించిందే. కానీ కాడ్మియం ప్యాకు మీద చూపించింది. కాడ్మియం సెల్లులో వెంట్రుకల్లాంటి లోహపు పోగులు పెరిగి దారి మూసేస్తాయి. ఒక్క గట్టి దెబ్బకు అవి కాలిపోయి సెల్లు లేస్తుంది. పచ్చ డ్రిల్లుది లిథియం. ఎండిపోయిన లిథియం సంగతి వేరు. లోపలి రాగి కరిగి ఎక్కడెక్కడో పేరుకుంటుంది. మళ్లీ నింపబోతే ఆ పేరుకున్నదే ఇటుదాన్ని అటుదానికి కలిపేసి లోపలే షార్టు చేస్తుంది. చార్జరు ఎర్రలైటు కొట్టిందంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టినట్టు. మరిది ఆ చేతిని తోసేశాడు. రెండిటికీ తేడా అతనికి తను చెప్పలేదు.

"ఎక్కడ పెట్టావ్?"

"ఇంట్లోనే. అమ్మ మంచం పక్క గూట్లో. ప్లగ్గు అక్కడేగా ఉంది. నేను పనికొచ్చేశాను."

"తాళం వేసొచ్చావా?"

"రోజూ వేస్తాంగా. ఏమైంది వదినా?"

ఆమె అప్పటికే కొట్టు దిగింది. "అన్నా, కాస్త చూస్తుండు!" అని పక్క మంగలికి కేకేసి పరుగందుకుంది. రెండు వీధుల దూరం. ఆ గదిలో మంచం కింద మరిది పేర్చుకున్న చెక్కలున్నాయి. మూలన చిత్రిక పొట్టు బస్తా ఉంది. మంచం దిగలేని మనిషి ఉంది. పరుగు ఆపకుండానే అత్తగారికి ఫోను కలిపింది.

"అత్తయ్యా, ఆ గూట్లో డబ్బా ఎలా ఉంది?"

"డబ్బా డబ్బాలాగే ఉంది. అన్నానికొస్తున్నావా, లేక ఇవాళ కూడా బ్యాటరీలే తింటావా?"

"వాసనేమన్నా వస్తోందా?"

"ఇందాకట్నుంచి తియ్యగా ఏదో వస్తోంది, గోళ్లరంగు వాసనలా. సెంటుబుడ్డి కొని నాకు కనపడకుండా దాచావేంటే?"

ఆ తియ్యటి వాసన ఆమెకు తెలుసు. సెల్లు లోపలి ద్రవం బయటికొస్తోంది.

"చేతికర్రతో ఆ స్విచ్చి కొట్టండి."

"ఎందుకే?"

"కొట్టండి ముందు!"

ఆ ఇంట అడుగుపెట్టాక ఆమె అత్తగారి మీద గొంతెత్తడం అదే మొదలు. అవతల కర్ర గోడకు తగిలిన చప్పుడైంది. తర్వాత టక్కుమంది.

"కొట్టాను. ఏంటమ్మాయ్, ఏమైంది?" గొంతులో వెటకారం పోయింది.

"ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోండి. అటు చూడకండి. వచ్చేస్తున్నా."

స్విచ్చి ఆపినంత మాత్రాన ఆగేది కాదని ఆమెకు తెలుసు. ఒక సెల్లు కాగడం మొదలైతే దాని వేడికి పక్కది కాగుతుంది. దానికి బయటి కరెంటుతో పనిలేదు.

తలుపు దగ్గర తాళంచెవి చేతిలో నిలవలేదు. ఒకసారి కింద పడింది. ఒకసారి తిరగేసి దూర్చింది. లోపలి నుంచి అత్తగారు అంటోంది: "చిటచిటమంటోందే. అమ్మాయ్, అది చిటచిటమంటోంది."

తలుపు తెరిచింది. గూట్లో ప్యాకు పొట్ట ఉబ్బి ఉంది. ప్లాస్టిక్ అతుకు విచ్చుకుని సన్నగా పొగ వస్తోంది. ఆమె చేతులు ముందు అటే పోయాయి. దాన్ని పట్టుకుని బయటికి విసిరితే పోలా? కానీ అది దారిలో, మంచం పక్కనే, చేతిలో పేలితే? చేతులు వెనక్కి లాక్కుంది. అత్తగారిని బొంతతో సహా మంచం మీంచి నేలకు జార్చి లాగడం మొదలుపెట్టింది.

"మెల్లగా లాగవే! మనిషినా, సిమెంటు బస్తానా?"

"తిట్టండత్తయ్యా, తిడుతూనే ఉండండి."

గడప దగ్గర తుంటి తగిలి ముసలామె కెవ్వుమంది. ఆమె ఆగలేదు. వాకిలి దాటించి రోడ్డు వార దాకా లాక్కెళ్లింది. ఎదురింటివాళ్లు కట్టుబడికి పోయించుకున్న ఇసుక కుప్పలో పార గుచ్చి ఉంది. దాన్ని పీక్కుని మళ్లీ లోపలికి పరిగెత్తింది. వెనక నుంచి అత్తగారు అరుస్తోంది: "పోనీయవే, కొంప పోతే పోయింది, నువ్వు రావే!"

లోపల పొగ తలెత్తు దాకా దిగింది. ఊపిరి బిగబట్టి, కొంగు ముఖానికి చుట్టుకుని, ప్లగ్గు పీకి, పార ప్యాకు కిందికి తోసింది. చార్జరుతో సహా అది పార మీదికొచ్చింది. బుసకొడుతోంది. పారను శరీరానికి ఎంత దూరం పట్టగలిగితే అంత దూరం పట్టుకుని, అడుగు తడబడకుండా నడిచింది. పరిగెత్తితే జారుతుంది. వాకిట్లోకి రాగానే మొదటి సెల్లు పేలింది. నిప్పు మూరెడు ఎత్తు లేచింది. ఇసుకలో పడేసి, కనపడకుండా పోయేదాకా ఇసుక ఎత్తి పోసింది. పోస్తూనే ఉంది. ఇసుక కింద ఒకటి తర్వాత ఒకటి గింజలు వేగినట్టు పేలాయి.

మరిది బండి మీద వచ్చేసరికి ఆమె అత్తగారి పక్కన నేల మీద చతికిలబడి ఉంది. పార ఇంకా చేతిలోనే ఉంది. ఆమె తిట్టడానికి నోరు తెరిచేలోపే ఆ పని అత్తగారే చేసింది.

"రారా శవాలు లేపే మొనగాడా! దాన్ని లేపి నన్ను పడుకోబెడదామనుకున్నావా?"

అతను తెల్లబోయి తెరిచి ఉన్న తలుపు వంక చూశాడు, ఇసుక వంక చూశాడు. "అయిపోయిందిగా వదినా" అంటూ కాలితో ఇసుక కదపబోయాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ముట్టుకోకు. అయిపోలేదు."

"చల్లారినట్టే ఉందిగా."

"చల్లారినట్టే ఉంటుంది. లోపల ఎన్ని మిగిలాయో మనకు తెలీదు."

అతను మెల్లగా వచ్చి తల్లి బొంత అంచున కూర్చున్నాడు. ముసలామె ఒక చేత్తో కోడలి మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"ఎంతసేపే ఇలా?"

"తెలీదత్తయ్యా."

ఇల్లు తలుపులు బార్లా తెరుచుకుని ఎదురుగానే ఉంది. లోపలికి ఎవరూ వెళ్లలేదు. ముగ్గురూ ఇసుక వైపే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఇసుకలో చిన్న గుంట పడి, అందులోంచి దారంలాంటి పొగ లేచింది. మరిది తల్లి బొంతను ఇంకాస్త దూరం లాగాడు.