జాకీ మీద బిగించిన బోల్టు

మొన్న పొద్దున ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది, ఉస్తాద్ పోయాడని. కామారెడ్డిలో నా షెడ్డుకు తాళం వేసి బయల్దేరాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, సిగ్గే వచ్చింది. ఎందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

నాకు మెకానిక్ పని నేర్పింది ఆయనే. బండిలో చప్పుడని ఎవరొచ్చినా ముందు పానా పట్టేవాడు కాదు. పక్కన కూర్చుని గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. బండి నిలబడి ఉన్నా స్టీరింగ్ వణికితే ఇంజన్ కింది మౌంటింగ్ రబ్బరు పోయిందనేవాడు. గుంతలో దిగినప్పుడే టక్కుమంటే బుష్షులు చూడమనేవాడు. "ఊకెనే సామాన్లు మార్చుడు పని కాదుర బై. ఏది అరిగిందో గది దొర్కవట్టుడే పని" అనేవాడు. తిట్లు మొదలుపెడితే, అబ్బో, చెవులు మూసుకోవాల్సిందే. అన్నం వేళకు మాత్రం తన డబ్బాలోని కూర ముందు నాకే వేసేవాడు.

ఆరేళ్ల కిందట రామారెడ్డి పటేల్ కారు వచ్చింది. ఉస్తాద్‌కు ఆయన పాత దోస్తు. ముందు చక్రాల దగ్గరి రబ్బరు బుష్షులు మార్చే పని ఉస్తాద్ నాకు అప్పగించాడు. వాటి బోల్టులను బండి జాకీ మీదుండగా గట్టిగా బిగించకూడదు. చక్రాలు నేలను తాకి బరువు పడ్డాకే బిగించాలి, లేకుంటే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. ఇది నాకు తెలుసు. ఏదో పెళ్లికి పోయే తొందరలో జాకీ మీదుండగానే బిగించేశాను.

నెల తిరక్కుండానే పటేల్ మళ్లీ వచ్చాడు. "డూప్లికేట్ సామాన్ ఏసినవ్. దోస్తువని నమ్మితే గిదా నువ్వు చేసేది?" అని నలుగురిలో అరిచాడు.

ఉస్తాద్ చిరిగిన రబ్బరును తిప్పి చూశాడు. నా వంక చూశాడు. "నాదే తప్పు పటేలా, మల్ల ఏసిస్త" అన్నాడు. నేను నోరు విప్పలేదు. పటేల్ బండి వేరే షెడ్డుకు పోయింది, మళ్లీ రాలేదు. ఉస్తాద్ నా దగ్గర ఆ మాట ఏనాడూ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది!

మొన్న షెడ్డు వెనకాలే ఉన్న ఉస్తాద్ ఇంట్లో, శవం దగ్గర పటేల్ కనిపించాడు. పక్కకు పిలిచి అంతా చెప్పేశాను.

ఆయన షెడ్డు వైపు తిరిగాడు. "ఆరేండ్లు," అన్నాడు. "గీ షెడ్డు ముందలికెల్లే పోయేటోన్ని. ఆయన చెయ్యెత్తెటోడు. నేను కారు అద్దం ఎక్కిచ్చుకుంట పోయిన."

నన్ను వదిలేసి లోపలికి వెళ్లాడు. చాప మీద కూర్చుని, ఉస్తాద్ చల్లబడ్డ చేతిని తన రెండు అరచేతుల నడుమ పెట్టుకుని దండం పెట్టాడు. బయట పాడె కడుతున్నారు. ఎవరో వచ్చి లెమ్మన్నారు. ఆయన ఆ చేతిని వదల్లేదు.