బంతి ఎగరని మైదానం

ఆ రోజుల్లో ఆడపిల్ల చేతికి సూదీ దారం ఇచ్చేవాళ్లు గాని బలపం ఇచ్చేవాళ్లు కాదు. నిజాం కాలం. అమీర్‌పేటలో మా నాయినది కుట్టుపని, నా వంతు గుండీలు. నాకు అక్షరాలు వచ్చింది మనుమలు పుట్టాక, పెద్దవాళ్ల బడిలో. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ నోటితోనే చెబుతూ వచ్చాను. నేను చెప్పిన ప్రతిసారీ మా అన్న బంతాటలో ఇంకో రెండు బుట్టలు ఎక్కువ వేసేవాడు. రాసి పెడితే పెరగవని ఇప్పుడు రాస్తున్నాను.

అన్న పట్నంలో ఎక్కడో బాస్కెట్‌బాల్ చూసొచ్చి, పీపాలకుండే ఇనుప కట్లు రెండు గుంజలకు కొట్టి, ఖాళీ జాగాలో టీము పెట్టాడు. పెట్టిన నాటి నుంచీ ఓటమే. పంజాగుట్ట వాళ్ల చేతిలో ఓడటమైతే స్నానం, భోజనంలాగా అలవాటైపోయింది. చివరికి నాయిన, "గీసారి సుత ఓడినవనుకో, ఆట బంద్. షోలాపూర్ల మీ మామ కాడ మగ్గం ఖాళీగున్నది. తెల్లారి బండెక్కుడే" అన్నాడు. అమ్మ దారిలో తినడానికి సకినాలు చేసి మూట కట్టింది. (ఆట ఇంకా వారం ఉంది. మా టీము మీద అమ్మకు అంత నమ్మకం.) అన్న పోతే నాకు ఇంట్లో మాట్లాడే మనిషి ఉండడు. ఆ మూట కంటపడినప్పుడల్లా దాన్ని మంచం కిందికి తోసేసేదాన్ని.

అప్పుడే టీముకు కొత్త గురువు వచ్చాడు. ఎవరనుకున్నారు? తాలీంలో కుస్తీ నేర్పే పహిల్వాన్! మా గల్లీలో నేర్పేవాడెవడైనా ఉస్తాదే. ఏం నేర్పుతాడని అడగరు. చాయ్ కొట్టు దగ్గర ఒకటే గోల.

"బంతాట గురించి పహిల్వాన్‌కు ఏమెరుక భాయ్?"

"ఎట్లయిన ఓడుతరు గద. జర మజ్బూత్‌గ ఓడుతరు, తియ్యి!"

ఉస్తాద్ వస్తూనే మైదానమంతా తవ్వించాడు. కుస్తీ గోదాలో కలిపినట్టే నూనె, పసుపు, మజ్జిగ కలిపి మట్టిని మెత్తగా పిసికించాడు. పడితే పిల్లలకు దెబ్బ తగలకూడదట. పక్కింటి పిన్నమ్మ (మేం ఖాలా అనేవాళ్లం), నేను కడవలతో మజ్జిగ మోశాం. సాయంత్రం అన్న బంతిని నేలకు కొట్టాడు. అది పేడముద్దలా అక్కడే కూర్చుంది.

"ఉస్తాద్, బంతి ఎగురుతలేదు."

"ఎగురుడెందుకురా? చేతులున్నయి గద, ఇసురుర్రి!"

గెలిపించమని బల్కంపేట ఎల్లమ్మను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. షోలాపూర్ బండి తప్పిపోవాలని మాత్రం మొక్కుకున్నాను.

ఆట రోజు ఖాలా ఇంటి గోడ వెనక, బోర్లించిన గంగాళం మీద నిలబడి చూశాను. పంజాగుట్ట వాళ్లు బూట్లతో దిగారు. వాళ్లు కొట్టిన బంతి లేవదు, కూరుకుపోయిన బూటు రాదు. "గిది మైదానమా, మడికట్టా?" అని వాళ్లు అరుస్తుంటే, వారం రోజులు విసరడమే నేర్చిన మావాళ్లు బుట్ట మీద బుట్ట వేశారు. గెలుస్తున్నప్పుడు ఏమని కేకలు వేయాలో మా జనానికి తెలియక, కాసేపు అందరూ నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. మొదట గొంతెత్తింది మా నాయిన. చేతులు కట్టుకుని ఒక మూల నిలబడ్డవాడు కాస్తా గీత వెంబడి ఉరుకుతూ, "అరే ఇసురురా! ఇటు, ఇటు!" అని ఉస్తాద్‌కే ఆట నేర్పసాగాడు. ఇంతలో పంజాగుట్ట వాళ్లు బూట్లు విప్పి పారేసి తామూ విసరడం మొదలుపెట్టారు. ఆఖరున అన్న విసిరిన బంతి ఇనుప కట్టు చుట్టూ తిరిగి తిరిగి బయట పడింది. ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయాం.

ఇంటికొచ్చాక నాయిన ఒక్క మాట మాట్లాడలేదు. కోపమో, గొంతే పోయిందో అడిగేంత గుండె ఎవరికుంది?

మర్నాడు పొద్దున అన్న తలస్నానం చేసి, మూట పక్కన తల వంచుకు కూర్చున్నాడు. నాకు ఏమైందో తెలియదు, వెళ్లి మూట విప్పేసి ఒక సకినం పటుక్కున కొరికాను. అంత నిశ్శబ్దంలో ఆ చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. నాయిన నా వైపు చూశాడు, చేయి చాపాడు. ఒకటి పెట్టాను. నమిలి నమిలి, గాలి పోయినట్టున్న గొంతుతో అన్నాడు: "ఉస్తాద్‌కు సుత కొన్ని కట్టు. బంతి జర గట్టిగ ఇసురుడు నేర్పుమని చెప్పు."

ఇప్పుడు సకినం మజ్జిగలో నానితే గాని నాకు నమలడం కాదు. ఆ పొద్దున మాత్రం కొంగు నిండా సకినాలు కట్టుకుని మైదానం దాకా ఒకటే పరుగు తీశాను, దారి పొడవునా పటపట కొరుక్కుంటూ.