సాక పోసిన ముంత

మొన్న కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఆటో ఆగినప్పుడు, ఎదురుగా ఉన్న స్తంభాన్ని చూసి, మా అక్కావాళ్ల వాకిలి సరిగ్గా ఇక్కడే కదా ఉండేది అనుకున్నాను. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పుడది ఊరు. బర్రెల కొట్టాలు, రాళ్లగుట్టలు, దూరంగా మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీల కోసమని అప్పుడే లేస్తున్న గుండ్రటి పెద్ద మేడ.

నేను బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. కల్లు పడందే చెయ్యి నిలవని స్థితికొచ్చి, ఒకనాడు మైకంలో తోటి పనివాడి చెయ్యి విరగ్గొట్టి జైలుకు పోయాను. కల్లు పేరు చెప్పి తప్పించుకోను, ఆ దెబ్బ నాదే. లోపలికి వెళ్లగానే ఒళ్లంతా వణుకు, గోడల మీద లేని పురుగులు కనబడటం. కల్లులో కలిపే మత్తుపొడి ఒక్కసారిగా ఆగితే అంతేనని జైలు దవాఖాన డాక్టరుగారు మందులిచ్చి, మాలాంటివాళ్లను వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించేవారు. విడుదలకు ముందు, "బయట నీకు పోసేది పగవాళ్లు కాదయ్యా, నీవాళ్లే" అన్నారు.

అలాగే అయింది. నేనొచ్చానన్న సంతోషంలో బావ ఆ వాకిట్లోనే యాటను కోసి, కల్లు తెప్పించి దావత్ పెట్టాడు. పుట్టింటికి వెళ్లిపోయిన నా భార్య కూడా వచ్చి, చేతి సంచి దించకుండా గడపలోనే నిలబడింది. నేను తాగితే ఆ సంచి అటునుంచటే వెనక్కి పోతుందని నాకు తెలుసు.

"జర గొంతు తడుపుకో బామ్మర్దీ, జైల్ల ఎండిపోయినవ్" అంటూ బావ ముంత చేతికిచ్చాడు. కాదంటే అందరిముందు ఆయన చిన్నబోతాడు. మాలో తాగేముందు అమ్మవారి పేర నాలుగు చుక్కలు నేలమీద సాక పోస్తాం. నేను పోయడం మొదలుపెట్టి, ముంత ఖాళీ అయ్యేదాకా ఆపలేదు.

"ఏందిరా, అమ్మకు గింత దూప అయిందా? ముంతంతా తాగె!" అని బావ పగలబడి నవ్వాడు. నా భార్య సంచి కింద పెట్టింది.

జైలుకెళ్లొచ్చినవాణ్ణి లేత్ దగ్గరికి ఎవరూ రానివ్వకపోతే, మేస్త్రీని బతిమాలి ఆ గుండ్రటి మేడ పనిలో పెట్టించింది కూడా బావే. కొన్నేళ్లకు ఆయన చేతిలో టీ గ్లాసు వణకడం చూశాను. ఆ వణుకేమిటో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. అయినా, అన్నం పెట్టినవాడికి నేను బుద్ధి చెప్పడమేమిటని నోరు మూసుకున్నాను. ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

ఇప్పుడా దారిలో తాగుడు మాన్పిస్తామనే బోర్డులు కూడా కనబడుతున్నాయి. ఆ రోజు నా ముంత ఒంపినట్టే, ఎప్పుడో ఒకప్పుడు బావ ముంతా ఒంపి ఉండాల్సింది. ఇప్పుడు ఆయన పేర సాక పోద్దామన్నా, అక్కడ పీల్చుకోవడానికి మట్టి లేదు, అంతా సిమెంటే.