పేరు పలకని లెక్క

నా చిన్నప్పుడు దయ్యాలంటే లేని భయం నాకు లెక్కల్లో వచ్చే ఎక్స్ అంటే ఉండేది. మాది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. విరుదునగరం పెద్ద బడిలో చేరాలంటే పరీక్ష రాయాలి. తప్పితే చదువు మాని పత్తి ఏరడానికి పోవాల్సిందేనని మా నాయన తేల్చి చెప్పేశాడు. నాకేమో చదువంటే ప్రాణం. కానీ అంకెల పక్కన ఇంగ్లీషు అక్షరం వచ్చి కూర్చుంటే కూడేదెలా? అదెంతో తెలియకుండా లెక్క మొదలుపెట్టేదెలా? పలక ముందేసుకుని ఏడ్చేదాన్ని.

అప్పుడే మా చిన్నాయనకు పెళ్లయింది. పిన్నిది విరుదునగరమే, అక్కడి బడిలో చదువుకున్నది. మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. అందుకే కొత్తకోడలిని గుమ్మంలో ఆపి ఆ పేరు చెప్పించడం పిల్లలకు మహా సరదా. నేనూ ఏడుపు మరిచి చేతులు చాచి అడ్డం నిలబడ్డాను.

పిన్ని సిగ్గుపడలేదు సరికదా, నాకే మెలిక పెట్టింది. "ఆయన వయసుకి రెండింతలు తీసుకో. దాంట్లో నీ పదకొండేండ్లు కలిపితే తాత వయసు, అరవై ఒకటి వస్తాది. ఆయన వయసెంతో చెప్పు, పేరు నేను సొల్తాను."

తాత వయసులోంచి నా పదకొండేళ్లూ తీసేశాను. యాభై మిగిలింది. అందులో సగం ఇరవై ఐదు! ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"ఇదేనమ్మా నీ ఎక్స్," అని నవ్వింది పిన్ని. "పేరు పలక్కుండానే ఆయనకి అన్నం పెడతాండాము గదా? కణక్కూ, అదే ఈ లెక్కా, అంతే. ఈ పక్క ఏమి తీస్తే ఆ పక్కా అదే తియ్యాల. సుట్టూ ఉండేవాళ్లు పోతే ఆయనొక్కరే మిగల్తారు." అని, అవ్వ వినకుండా నా చెవిలో చిన్నాయన పేరు ఊదింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పరీక్షలో లెక్కలన్నీ చేశాను. కాకపోతే ఆ ఊపులో ఎక్స్ ఉండాల్సిన ప్రతిచోటా తమిళంలో 'అవర్' అని, అంటే 'ఆయన' అని రాసేశాను. పంతులుగారు నొసలు చిట్లించి, ఎవరమ్మా ఈయన అని అడిగారు. మా ఇంట్లో పేరు పలకకూడదండీ అన్నాను. ఆయన పగలబడి నవ్వి, జవాబులు సరిచూసి, నన్ను బడిలో చేర్చుకున్నారు.

ఇప్పుడు మా మనవరాలు ఎక్స్‌ను పట్టుకుని 'అది' అంటే నాకు మనసొప్పదు. తెలియనిది ఏది ఎదురైనా నేను 'ఆయన' అనే పిలుస్తాను. ఇక భయం దేనికి? చుట్టూ ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే సాగనంపి, ఆయన ఒంటరిగా మిగిలేదాకా గుమ్మానికి అడ్డం నిలబడతాను.