అవతలి పక్షం

మా ఆదివారం తత్త్వశాస్త్రం క్లాసుకు వచ్చే కుర్రాళ్ళలో సగం మంది ఉక్కునగరం క్వార్టర్ల వాళ్ళు, మిగిలినవాళ్ళు అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు. మొదటి రోజే పెద్ద పెద్ద పేర్లు చెప్పి వాళ్ళను బెదరగొట్టడం నాకు ఇష్టం లేదు. ఉన్నదేమిటి? అది ఉందని నీకెలా తెలుసు? తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని ఎలా తేల్చుకోవాలి? ఎలా బతకాలి? దేన్ని అందం అనాలి? ఇవి బోర్డు మీద రాసి, తత్త్వశాస్త్రంలో శాఖలంటే ఇవేనని చెప్పేవాణ్ణి. అనవసరంగా భయపెట్టి శాస్త్రాన్ని తమ గుప్పిట్లో పెట్టుకున్న పండితుల మీద నాకున్న కోపం ఇప్పటికీ పోలేదు.

తర్వాత దర్శనాలు. వాటిని పాఠంలా చెబితే నైట్ షిఫ్టు దిగి వచ్చినవాడు నిద్రపోతాడు. అందుకని నేనూ నా స్నేహితుడూ చెరో పక్షం పట్టేవాళ్ళం. అతనికి రేవు పక్క పాతపట్నంలో పడవలవాళ్ళకు తాళ్ళూ వలలూ అమ్మే దుకాణం ఉంది. రోజూ ఐదుపూటలా నమాజు చేసేవాడు. నేను దేవుడు లేడని మైకులో చెప్పే మనిషిని. కళ్ళెదుట కనిపించేదే ప్రమాణమనే చార్వాకం నాది. పొగను చూసి నిప్పు ఉందని తేల్చే న్యాయం అతనిది. బౌద్ధుల తరఫున నేను స్థిరమైన ఆత్మ లేదంటే, అద్వైతం తరఫున అతను ఉన్నది ఆత్మ ఒక్కటేననేవాడు. కుర్రాళ్ళు నవ్వేవారు. "అద్దికి తెచ్చుకున్న కోటు బావా ఇది. అయినా నీ కోటు కంటే నాకే నప్పింది సూడు" అనేవాడు.

మాకు ఒకటే నియమం. పాత వాదసభల్లోని పూర్వపక్షం పద్ధతి. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వే చెప్పాలి. అదే తన మాటని అతను తలూపితేనే నీకు ఖండించే హక్కు వస్తుంది.

అతని సొంత నమ్మకం దగ్గరికి వచ్చేసరికి నేను ఎన్నోసార్లు తప్పాను. ప్రతి వస్తువుకూ చేసినవాడు ఉన్నట్టే లోకానికీ ఉండాలి, ఇదేగా నీ వాదం అనేవాణ్ణి.

"నాను అన్నది అది కాదు బావా. అది సిన్న పిల్లలకి సెప్పేది. మళ్ళీ సెప్పు."

అతను అనేది వేరు. నిప్పు తగిలాక దూది కాలడం చూశావు. నిప్పే కాల్చిందన్న సంబంధాన్ని ఎక్కడ చూశావు? కాల్చేది దేవుడన్నది నా నమ్మకం, రేపు కూడా నిప్పే కాలుస్తుందన్నది నీ నమ్మకం. నమ్మకం మీద నిలబడినవాడివి నన్ను వెక్కిరిస్తావేం? పూర్వం ముస్లిం పండితులు దేవుడి కోసం వాడిన ఈ తర్కాన్నే చాలా కాలానికి పడమటి అనుభవవాది ఒకడు సంశయం కోసం వాడాడని నాకు చెప్పింది అతనే.

కిందటేడు అతనికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ, మాటా పోయాయి. చూడవచ్చిన ఒక పెద్దమనిషి, లోపల ఆత్మ చెక్కుచెదరలేదని ఓదార్చబోయాడు. నేను కసిరాను. మెదడులో రక్తం ఆగితే మాట పోయిందే, ఆ మాట ఇప్పుడు ఏ ఆత్మలో దాక్కుందో చూపించమన్నాను. మనసు దేహం మీద ఆధారపడిందని సభల్లో నేను గొంతు చించుకున్న వాదం ఆ మంచం మీద రుజువై ఉంది. బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

క్లాసు అయ్యాక ప్రతివారం అతని దగ్గరికి వెళ్ళి, నిప్పు, దూది వాదం చెప్పేవాణ్ణి. తలూపేవాడు. వాళ్ళావిడ నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆ తలూపు చూడాలని ఆవిడ టీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయేది. నాకు ధైర్యం వచ్చింది. మనిషి ఉన్నాడు, వాదం నడుస్తోంది అనుకున్నాను.

అయితే పరీక్షించకుండా నమ్మడం నాకు చేతకాదు. ఒక వారం కావాలనే తప్పు చెప్పాను. "ప్రతి వస్తువుకూ చేసినవాడు ఉన్నట్టే లోకానికీ ఉండాలి. ఇదేగా నీ వాదం?"

నా కళ్ళలోకి చూసి నెమ్మదిగా తలూపాడు.

ఇంకోసారి అడిగాను. మళ్ళీ ఊపాడు.

అలసటతో ఊపి ఉండవచ్చు. నా మీద ప్రేమతో ఊపి ఉండవచ్చు. తలూపాడు కనుక అర్థమైందనడం తప్పయితే, అర్థం కాలేదనడమూ అంతే తప్పు. తర్కం నన్ను అక్కడిదాకా తెచ్చి వదిలేసింది.

"మీ మాట అరదమవుతోంది కదన్నా?" అని గుమ్మంలోంచి ఆవిడ అడిగింది.

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. "తెలీదమ్మా" అన్నాను.

ఆవిడ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "పులుసులో ఉప్పు సరిపోయిందా అంటే ఊపుతారు. ఉప్పెక్కువైందా అన్నా ఊపుతారు. నానూ అడిగి సూసినాను. మీకాడైనా తేడా తెలుస్తాదేమో అని ఆశ పడ్డాను" అంది. టీ గ్లాసు నా చేతికిచ్చి, అతని గడ్డం తుడిచింది.

ఇప్పుడు క్లాసులో రెండు పక్షాలూ నేనే చెబుతున్నాను. అతని వాదాన్ని చేతనైనంత బలంగా చెబుతాను. కుర్రాళ్ళు రాసుకుంటారు. అది సరిగ్గా చెప్పానో లేదో చెప్పగలవాడు ఆ గదిలో లేడు. నా వంతు వచ్చినప్పుడు, ఖండన చెప్పకుండానే క్లాసు ముగిస్తున్నాను.