మేక చెవి మీది మచ్చ

ఇది ఒక పాటగాడు మట్టిలోంచి లేచి మహాసభను గెలిచిన కథ. దీనికి పద్దెనిమిది పర్వాలు కావాలి, ప్రతి పర్వానికీ ముందొక దేవుడి ప్రార్థన కావాలి. రాద్దామనే కూర్చున్నాను. తీరా చూసుకుంటే నా దగ్గర ఉన్నవి ఒక పాట, ఒక ఇసుక తట్ట, మా అమ్మ నడుము. పర్వాలకు చాలవు. ఉన్నదేదో చెప్పేస్తాను.

నందికొండ దగ్గర కృష్ణకు డ్యాము కడుతున్న రోజులవి. ఆత్మకూరు వైపు వానలు ముఖం చాటేసిన ఏడు, ఉన్న ఒక్క మేకనూ అమ్మేసి అమ్మా నేనూ అక్కడికి కూలికి పోయాం. కట్ట మీదికి ఇసుక చేర్చడానికి వాలు పొడుగునా మెట్టుకొకరిని నిలబెట్టేవారు. ప్రతి మనిషి కాళ్ల దగ్గరా ఒక తట్ట. అందరూ ఒకేసారి వంగి, ఎత్తి, పై మెట్టు మీది మనిషి కాళ్ల దగ్గర పెట్టాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే తట్ట పోయి మోకాలికి తగులుతుంది. అందుకే పాట. ఒకడు చరణం పాడతాడు, వరుసంతా ‘ఓ’ అంటుంది, ఆ ‘ఓ’కు నడుములన్నీ వంగుతాయి.

ఆ ఒకడి పని మొదటి వారంలోనే నాకొచ్చింది. ప్రతిభ చూసి ఇవ్వలేదు. అంతకుముందు పాడేవాడు జ్వరమొచ్చి ఊరికి పోయాడు. నాకు గురువు లేడు, హార్మోనియం లేదు, వెనక భజన మండలి లేదు. పాటలు నేనే కట్టేవాణ్ణి, ఎందుకంటే ఇతరుల పాటలు నాకు సగం వరకే వచ్చేవి. నా మొదటి పాటలో చరణానికి మూడు మాటలు. బాగా దూకేది. తట్టలు కూడా దూకాయి. మేస్త్రీ మురిసిపోయి, నువ్వు మోయక్కర్లేదు, బండ మీద కూర్చుని పాడమన్నాడు.

రెండో రోజు పని దిగాక అమ్మ గుడిసెలో బోర్లా పడుకుంది. ముఖం ఇటు తిప్పకుండానే అంది: “కొడుకా, నీ పాట మంచిగనే ఉంది. జర పొడుగు చెయ్యరాదు? ‘ఓ’ అనంగనే మల్ల ‘ఓ’ వస్తాంది. నడుము లేపే సందు లేదు.”

నా కవిత్వం మీద వచ్చిన మొదటి విమర్శ అది. సరైన విమర్శ కూడా అదొక్కటే.

మర్నాడు చరణం సాగదీశాను. మా ఊరి నుంచి నందికొండ దాకా దారంతా పెట్టాను. దారిలో అమ్మిన మేక వచ్చింది. మేక తర్వాత దాని చెవి, చెవి మీద మచ్చ, మచ్చ రంగు. అవన్నీ అయితే గాని ‘ఓ’ రాదు. సంతలో కొన్నవాడు కూడా ఆ మేకను అంతసేపు చూసి ఉండడు. మచ్చ వచ్చేసరికి అమ్మ రెండు చేతులూ నడుముకు పెట్టి, నిటారుగా నిలబడి ఊపిరి వదిలేది. ఆ మచ్చ ఉన్నది అందుకే.

పేరు పాకింది. పక్క వరుసల ఆడవాళ్లు వచ్చి, తమ్మీ, ఆ మేక పాట మాకూ జర నేర్పరాదా అని అడిగేవారు. నడుములు అందరికీ ఉంటాయని నాకు అప్పటిదాకా తట్టలేదు. మేస్త్రీకి అనుమానం రాలేదు. నోళ్లు ఆడుతున్నాయి గనక చేతులూ ఆడుతున్నాయనే అనుకున్నాడు.

ఒకనాడు ఒక ఇంజనీరు ఆగి విన్నాడు. ఇందులో ఏదో లోతైన విషాదం ఉందన్నాడు. మేక గురించండీ అన్నాను. నా వినయాన్ని కూడా మెచ్చుకున్నాడు. పట్నం నుంచి పెద్ద అధికారి వస్తున్నాడని కాలనీలో సభ పెడితే, నన్ను వేదిక ఎక్కించింది ఆయనే.

మైకు ముందు నిలబడటం అదే మొదలు. ముందు కుర్చీలు, వెనక నేల మీద మా వరుస ఆడవాళ్లు, వాళ్లలో అమ్మ. దారితోనే పాట ఎత్తుకున్నాను. మేక ఇంకా రానేలేదు, ముందు కుర్చీలో ఒకాయన ఆవలించాడు. పెద్ద అధికారి గడియారం చూసుకున్నాడు. దారి కోసేశాను. మేకను తీసేశాను. చెవీ మచ్చా దాంతోనే పోయాయి. మూడు మాటలు, ‘ఓ’. మూడు మాటలు, ‘ఓ’. చప్పట్లే చప్పట్లు. మళ్లీ పాడమన్నారు. దండ వేశారు, తర్వాత మాట్లాడే ఆయనకు కావాలని వెంటనే తీసుకున్నారు. ఒప్పుకోవాలి, దండ ఉన్నంతసేపూ చాలా సంతోషంగా ఉన్నాను. దిగి వచ్చి చూస్తే మా వరుసలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

పొద్దున మేస్త్రీ బండ దగ్గరికే వచ్చాడు. “ఏం రా పాటగాడా, నిన్న సభల పాడినట్టె పాడు. గా మేక వద్దు.”

ఎదురు తిరిగానని రాస్తే కథకు బాగుండేది. పాడాను. కొంత భయం. కొంత, చెవుల్లో ఇంకా ఆగని చప్పట్లు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే అమ్మ వంగి లేవలేకపోయింది. కూలిపోలేదు, కేక వేయలేదు, వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. ఆమె కాళ్ల దగ్గర మూడు తట్టలు పోగుపడ్డాయి. తల మాత్రం నా వైపు తిప్పి, మెల్లగా అడిగింది.

“మేక యాడ వోయింది కొడుకా?”

పక్కవాళ్లు పట్టి లేపారు. నేను బండ దిగి, మెడకు తువాలు చుట్టుకుని, గొంతు పోయిందని మేస్త్రీకి సైగ చేశాను. “గొంతు వోతే వోయింది, చేతులున్నయి గద. పో, వరుసల నిలవడు” అన్నాడు. పోయి అమ్మ కింది మెట్టు మీద నిలబడ్డాను. నేను పెడితేనే ఆమెకు తట్ట. పాట లేని వరుస అలసిన మనుషులు నడిచినట్టు నడిచింది. మేస్త్రీ అరిచాడు గాని అరుపుకు తాళం ఉండదు.

గొంతు పోయినవాడు మాట్లాడకూడదు గనక పన్నెండు రోజులు నోరు మూసుకున్నాను. పాట మానడం పెద్ద కష్టం కాలేదు. మేస్త్రీ మీద తోచిన మాటలన్నీ మింగడం కష్టమైంది.

నా పాట మాత్రం పైకి వచ్చింది. సభలో విన్న మేస్త్రీలంతా తమ వరుసల్లో ఆ పొట్టి పాటే పాడించడం మొదలుపెట్టారు. గాలి ఇటు తిరిగితే ఆ ఒడ్డు నుంచి కూడా వినిపించేది. విజయమంటే ఇదే అయి ఉండాలి, నాకు ఇంకో రకం రాలేదు.

ఆ పన్నెండు రోజుల్లోనే ఒక పొద్దున అమ్మ ఆ పాటకు చెవి ఒగ్గి, నా వైపు చూడకుండా అంది: “గా పాట కట్టినోడెవడో గని, తట్ట ఎత్తినోడైతె కాడు.”

జవాబు ఉంది. గొంతు లేదు. వంగి తట్ట ఎత్తి ఆమె కాళ్ల దగ్గర పెట్టాను. ముందురోజు వాన పడింది. తడి ఇసుక పొడి ఇసుక కంటే బరువుంటుంది.